ఎవలు గావాలె?

నవంబర్ 3, సోమవారం

ఎరువుల షాపువాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ ఖాళీగా పడుంది. ఇవాళ ఒక సంగతి ఎవరితోనూ అనలేక ఇందులో రాస్తున్నాను.

నిన్న పెళ్లివాళ్లు లెక్కల పరీక్ష రాశారు. తప్పు నాదే.

మా ఇంటికి ఇంటర్నెట్ అడ్రస్ ఒక్కటే. ఇంకోటి కావాలని అడిగితే మీ ఏరియాకు లేదన్నారు. ఆ ఒక్కదాని వెనకాల మూడు సర్వర్లు నడుపుతున్నాను. ఒకటి నాది, కింద ఆఫీసు గదిలో. మిల్లుల కెమెరాలు, దుకాణాల బిల్లింగ్ చూసుకునేది. రెండోది గౌస్ పాషాది. చౌరస్తా దగ్గర అతని ఫోటో స్టూడియోలో కరెంటు నిలవదని పెళ్లి ఆల్బమ్‌ల సర్వర్ తెచ్చి మా ఇంట్లో పెట్టాడు. మూడోది పై గదిలో సుకన్యది. పదో తరగతి పిల్లలు అందులో లెక్కల పరీక్షలు రాస్తారు. బయటి నుంచి వచ్చేవాళ్లకు ఈ మూడూ కనబడవు, ఒకే గుమ్మం కనబడుతుంది. ఆ గుమ్మంలో ఒక చిన్న డబ్బా పెట్టాను. వచ్చినవాళ్లు ఏ పేరు అడిగారో చూసి ఆ సర్వర్‌కి పంపడం దాని పని. పేరు చెప్పకుండా వచ్చినవాళ్లను నా దానికి పంపమని రాసి పెట్టాను. ఎవరో ఒకరు తీసుకోవాలి కదా.

నిన్న ఆ డబ్బాలో ఏదో సర్దుతూ గౌస్ పేరు పక్కన సుకన్య సర్వర్ నంబరు కొట్టేశాను. వర్ధన్నపేటలో ఒక పెళ్లికొడుకు మేనమామ ఆల్బమ్ తెరిస్తే వర్గ సమీకరణాలు వచ్చాయట. ఫోటోలు చూడాలంటే ముందు ఇవి రాయాలేమో అనుకుని, పాపం, కూర్చుని రాశాడు.

"అన్నా, గదేందే! కట్టయ్య కాక ఫోన్ చేసి నాకెన్ని మార్కులొచ్చినయ్ అంటాండు" అని గౌస్ మొత్తుకున్నాడు.

పైన సుకన్య పేపర్లు దిద్దుతుంటే పేరు ఉండాల్సిన చోట 'కట్టయ్య, పిల్లగాని మేనమామ' అని ఉంది. ఆమె నవ్వింది. పడీ పడీ నవ్వింది. మెట్ల కింద నిలబడి విన్నాను. వానాకాలం నుంచి ఆమె పైనే ఉంటోంది, నేను కింద ఉంటున్నాను. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. ఎవరితోనూ అనలేనిది అదే.

నవంబర్ 4

గుమ్మంలో పెట్టిన డబ్బా కంటే మా అమ్మ నయం. సమ్మమ్మ అంటే వీధిలో అందరికీ తెలుసు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న, "ఎవలు గావాలె?" సుకన్య టీచర్ అంటే, "పైకి పో బిడ్డా." గౌస్ అంటే, "వాడు దుకాణంల ఉంటడు, గాడికే పో." ఏ పేరూ చెప్పకుండా నీళ్లు నమిలేవాళ్లను, చందాలవాళ్లను, సర్వేలవాళ్లను మాత్రం నా మీదికి తోలుతుంది. "లోపటున్నడు, పో."

నవంబర్ 6, గురువారం

మధ్యాహ్నం ఫోను వచ్చింది. ఎవరో పెద్దావిడ గొంతు, నిదానంగా ఉంది.

"సుకన్య మేడం వాళ్ల ఇంటాయనేనా? నా పేరు అనీస్ బేగం. ములుగు దాటినంక మా ఆడపిల్లల హాస్టల్ బడి ఉంటది, నేనే ప్రిన్సిపాల్‌ను. మేడం ఎండకాలంల దరఖాస్తు పెట్టుకున్నరు. అప్పుడు ఖాళీ లేకుండె. ఇప్పుడు లెక్కల టీచర్ కావాలె మాకు. పిల్లలతోని క్యాంపస్‌లనే ఉండాలె. జర మేడంకు చెప్తరా? ఈ నెలాఖరు దాక ఆగుత."

చెప్తానన్నాను.

ఆమె దరఖాస్తు పెట్టిన సంగతే నాకు తెలియదు. ఎండాకాలంలో మా మధ్య జరిగింది ఇక్కడ రాయను. రాయకపోయినా నాకు గుర్తుంటుంది.

మా ఇంట్లో అన్ని కాగితాల మీదా నా నంబరే. గ్యాస్, బ్యాంకు, రేషన్, అమ్మ దవాఖాన చీటీ, సుకన్య టీచర్ ట్రైనింగ్ సర్టిఫికెట్ల కాపీలు, అన్నిటి మీదా. ఫోన్ నంబర్ అనే గడి కనబడితే ఆమె చెయ్యి దానంతటదే నా నంబరు రాసేస్తుంది. నన్ను వదిలి పోవడానికి పెట్టుకున్న దరఖాస్తులో కూడా నా నంబరే రాసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పోతే అక్కడే ఉంటుంది. ఆదివారాలు వస్తుందేమో. రాకపోతే?

సాయంత్రం చెప్తాను.

నవంబర్ 7

నిన్న చెప్పలేదు. పిల్లల పరీక్ష నడుస్తోంది. మధ్యలో పోయి ఏం చెప్తాం.

నవంబర్ 8

ఇవాళ తలనొప్పి. అయినా ఆ రోడ్డు, ఆ అడవి, ఆ చలి. ఆమెకు చలి పడదు.

నవంబర్ 9, ఆదివారం

పొద్దున సుకన్య మెట్ల మీది నుంచి పిలిచింది.

"ఇగో, ఓసారి పైకి రా. సర్వర్ వస్తలేదు."

వెళ్లాను. పరీక్షల పేజీ తెరిచి చూశాను, బాగానే వచ్చింది. నా ఫోన్లో చూశాను, వచ్చింది.

"నేను రాంగనే మంచిగైంది సూడు. భయముంది దానికి" అన్నాను.

ఆమె నవ్వలేదు కానీ, "కూసో, ఛాయ్ పెడ్త" అంది. మూలన చిన్న కరెంటు పొయ్యి పెట్టుకుంది. అల్లం దంచి వేసింది. పిల్లల బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని తాగాను. ఆ గది మేము వేరే పనికి కట్టించుకున్నాం. గోడ మీద కుందేళ్ల బొమ్మలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటి పక్కన త్రికోణమితి సూత్రాల చార్టు అంటించింది.

గ్లాసు తీసుకుంటూ, "ఇంకేమన్న ఉన్నదా చెప్పేది?" అంది.

"ఏముంటది" అన్నాను.

మంచి ఛాయ్. కిందికొచ్చాక కూడా నోట్లో అల్లం రుచి ఉంది. ఇలాంటి రోజు పోయి ఆ సంగతి ఎత్తి ఎందుకు చెడగొట్టుకోవాలి?

నవంబర్ 12

బ్యాంకు నుంచి ఓటీపీ వచ్చింది, ఆమె ఏదో కడుతున్నట్టుంది. మెట్ల కింద నిలబడి అరిచాను. పై నుంచి "మళ్లొకసారి" అంది. మళ్లీ అరిచాను. ఈ మధ్య మేమిద్దరం ఎక్కువగా మాట్లాడుకునేవి ఈ అంకెలే.

ఓటీపీ ఎప్పటిదప్పుడు చెప్పేవాడిని, ఆ ఫోను సంగతి చెప్పలేనా? చెప్పగలను. అయితే అది మెట్ల కింద నిలబడి అరిచే సంగతి కాదు, కూర్చుని నెమ్మదిగా చెప్పాలి. ఎల్లుండి అమ్మ మోకాళ్లకు దవాఖానకు పోవాలి. ముందు అది కానివ్వాలి.

నవంబర్ 14

డాక్టరు అమ్మను మెట్లెక్కొద్దన్నాడు. వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ నా వైపు తిరిగింది.

"నీకు సుకన్యకు ఏమైందిరా?"

"ఏం గాలే."

"ఏం గాకుంటె గట్లెందుకుంటరు? కొట్లాడుకోరు, మాట్లాడుకోరు. కొట్లాడుకున్నా నాకు ధైర్నముంటుండె. మీ నాయన, నేను ఎంత లొల్లి వెట్టుకునేటోళ్లం! ఊరంత ఇనేది. పొద్దుగూకంగనె ఒక్క కంచంల తింటిమి."

"ఇప్పుడు గది ఎందుకే అమ్మా."

"ఎందుకంటె, పైకెక్కొద్దన్నడు డాక్టరు. గా పిల్ల దిగొస్తదా? నువ్వేమన్న దిగిరమ్మంటవా?"

ఆటో డ్రైవర్ అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. వాడికేం పని.

నవంబర్ 15

రేపు.

నవంబర్ 16, ఆదివారం

మళ్లీ పిలిచింది. మళ్లీ సర్వర్ రావట్లేదట. మళ్లీ నేను వెళ్లేసరికి బాగానే ఉంది. తీగ మార్చాను, ఎందుకైనా మంచిదని. ఛాయ్ ఇచ్చింది. ఈసారి బిస్కెట్లు కూడా పెట్టింది.

కిటికీలోంచి బయటికి చూస్తూ, "ములుగు బస్సులు ఇప్పుడెట్ల ఉంటానయ్?" అని అడిగింది.

"ఎక్కడియి, మేడారం జాతర పనులకు రోడ్డంత తవ్విపెట్టిండ్రు. వచ్చే ఒకటి రెండు బస్సులు దుమ్ము లేపుకుంట వస్తయ్" అన్నాను. ఎందుకడుగుతున్నావని అడగలేదు. ఆమె పిల్లల్లో ఇద్దరు ముగ్గురు అటువైపు వాళ్లున్నారు, వాళ్ల కోసం అడిగి ఉంటుంది. అంతే అయ్యుంటుంది.

"ఇంకేమన్న ఉన్నదా?" అంది, పోయినసారి లాగే.

"బిస్కెట్లు మంచిగున్నయ్" అన్నాను.

నవంబర్ 18

గౌస్‌కి చెప్పేశాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు. స్టూడియోలో పెళ్లికూతురి ముఖానికి కంప్యూటర్‌లో మెరుగు పెడుతూ విన్నాడు. విన్నాక చెయ్యి ఆపాడు.

"అన్నా, జర ఆలోచించి మాట్లాడు. గా ఫోన్ నీకొచ్చిందా, వదినకొచ్చిందా?"

"నా ఫోన్‌కే వచ్చింది."

"నీ ఫోన్‌కొచ్చింది. నీకు రాలే. నువ్వు నడుమల డబ్బావు. నా ఆల్బమ్ జూడనీకి వచ్చినోణ్ని నువ్వే ఆపుకొని, గౌస్ భాయ్ బిజీగున్నడు అంటె నేనూకుంటనా? కట్టయ్య కాక ముచ్చటకే నా ఇజ్జత్ పాయె!"

"ఆమె పోతె ఇల్లేం గావాలెరా? అమ్మ మోకాళ్లు..."

"అమ్మ మోకాళ్ల మీదెందుకు వేస్తానవ్? నీకు భయమైతాంది. భయమైతాందని చెప్పు పోయి. గంతే."

కోపమొచ్చింది. వాడికి పెళ్లై ఎన్నేళ్లని. వాళ్లింట్లో అందరూ ఒకేసారి మాట్లాడతారు, వాడికేం తెలుస్తుంది ఇది. ఛాయ్ తాగకుండానే వచ్చేశాను.

నవంబర్ 20, గురువారం

ఇవాళ మూడోసారి పిలిచింది. వెళ్లాను, చూశాను, అంతా సవ్యంగానే ఉంది. కిందికొచ్చాక పట్టుదల పుట్టింది. తప్పెక్కడుందో తెలియకపోతే నేను ఈ పని చేస్తున్నట్టు కాదు. గుమ్మంలో డబ్బా ఎవరెప్పుడు వచ్చారో, ఎక్కడికి పంపిందో అంతా రాసుకుంటుంది. మొదటి నుంచి తీసి చదివాను.

ఆమె సర్వర్ ఈ నెలలో ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆమె నన్ను పిలిచిన సమయాల్లో పిల్లలు లోపల పరీక్ష రాస్తూనే ఉన్నారు. ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఆమెకూ వచ్చి ఉండదు. రెండుసార్లు చదివాను. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు ఫ్యాన్‌ను చూస్తూ కూర్చున్నాను.

అంటే ఊరికే పిలుస్తోంది. నన్ను చూడాలని పిలుస్తోంది. నోరు తెరిచి రమ్మనలేక సర్వర్ పేరు పెట్టుకుంటోంది!

ఎంత సంతోషమేసిందో రాయలేను. నలభై దాటిన మనిషిని, లేచి అద్దం ముందు నిలబడి తల దువ్వుకున్నాను. ఇంక ఆ ములుగు సంగతి ఎందుకు? మా ఇద్దరికీ మళ్లీ మంచిరోజులు వస్తుంటే మధ్యలో దాన్ని తెచ్చి పెట్టడం తెలివితక్కువ.

నవంబర్ 21

అనీస్ బేగం మేడం మళ్లీ ఫోన్ చేసింది. "మేడంకు చెప్పిండ్రా భాయ్?"

"చెప్పిన. ఆలోచిస్తాంది" అన్నాను. చాలా సులువుగా వచ్చేసింది ఆ మాట.

"అట్లనా" అంది. "సరే భాయ్, మంచిది." పెట్టేసింది.

గొంతు ఎందుకో మారింది. సిగ్నల్ అయ్యుంటుంది.

నవంబర్ 23, ఆదివారం

ఇవాళ ఎవరూ పిలవలేదు, నేనే మిర్చి బజ్జీలు పట్టుకుని పైకి వెళ్లాను. అమ్మ కూడా డాక్టరు మాట గాలికొదిలేసి గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కొచ్చింది. ముగ్గురం పిల్లల బెంచీల మీద కూర్చుని తిన్నాం. కుందేళ్లను చూసి అమ్మ ఏమీ అనలేదు. పూర్వమైతే అనేది. కట్టయ్యకు ఎన్ని మార్కులొచ్చాయని అడిగింది.

"ఇరవైకి ఆరు. ఫెయిల్ చెయ్యలే అత్తమ్మా, పెళ్లోళ్లని పాస్ చేసిన" అంది సుకన్య.

అమ్మకు నవ్వొచ్చి కారం నషాళానికెక్కింది. సుకన్య నీళ్లిచ్చి వీపు రాసింది. అలా రాస్తూ నా వైపు చూసింది. ఏదో అడుగుతున్నట్టు చూసింది. నేను ఇంకో బజ్జీ ఆమె ప్లేటులో వేశాను.

ఇలాగే ఉంటే చాలు నాకు.

నవంబర్ 25

సర్వర్ గురించి పిలవలేదు.

నవంబర్ 26

పిలవలేదు. నేనే మెట్ల కింద నిలబడి "సర్వర్ మంచిగున్నదా?" అని అడిగాను. "మంచిగనే ఉన్నది" అంది.

నవంబర్ 27

గౌస్ అన్నది గుర్తొస్తోంది. రేపు చెప్తాను. డైరీలో రాసుకున్నాను కాబట్టి రేపు తప్పదు.

నవంబర్ 28, శుక్రవారం

చెప్పాను.

పొద్దున వెళ్లేసరికి బోర్డు తుడుస్తోంది. నన్ను చూసి, "సర్వర్ మంచిగనే ఉన్నది" అంది మళ్లీ.

"గది గాదు. ములుగు నుంచి ఫోనొచ్చింది. హాస్టల్ బడి ప్రిన్సిపాల్ మేడమట. లెక్కల టీచర్ కావాల్నట వాళ్లకు. నిన్ను రమ్మంటాంది."

"ఎప్పుడొచ్చింది ఫోన్?"

నిన్న అందామనుకున్నాను. ఆ మాట నోటి దాకా వచ్చింది. "ఈ నెల మొదట్ల" అన్నాను.

ఆమె డస్టర్ పక్కన పెట్టింది. చేతులకు సుద్దపొడి ఉంది, చీరకు తుడుచుకుంది.

"తెలుసు" అంది.

"ఎట్ల?" అన్నాను.

"నువ్వు మాట్లాడిన తీరుకు మేడంకు అనుమానమొచ్చిందట. ఆ దినమే, దరఖాస్తుల రాసిన నా పరీక్షల పేజీల మెసేజ్ పెట్టింది, మీ ఆయనకు చెప్పిన, నీకు చెప్పిండా అని. నీ డబ్బాలకెల్లే వచ్చింది నాకు. నీ డబ్బా ఆపలే దాన్ని."

"మరి నాకు..."

"నువ్వు చెప్తవని చూసిన. సర్వర్ వస్తలేదని పిలిచిన. ఛాయ్ పోసిన. ఇంకేమన్న ఉన్నదా అని నోరు తెరిచి అడిగిన. ఎన్ని సార్లని అడగాలె మనిషి? ఇంక రెండోసారి ఫోన్ మేడంతోని నేనే చేయించిన, గప్పుడన్న చెప్తడేమోనని. 'ఆలోచిస్తాంది' అన్నవట. నా బదులు నువ్వే ఆలోచించినవ్. ఎండకాలంల, పిల్లల కోసమని మనం పోయే డాక్టరమ్మ ఫోన్ చేస్తే గూడ నా బదులు నువ్వే చెప్పినవ్, 'ఇంక రామండి, మా ఆమెకు ఓపిక లేదు' అని. నాకు ఓపిక లేదని నీకెవలు చెప్పిండ్రు?"

కుందేళ్లున్న గోడ వైపు చూడలేకపోయాను. "పోతవని భయమైంది" అన్నాను. అదొక్కటే నిజం నా దగ్గర మిగిలింది.

ఆమె బెంచీ మీద కూర్చుంది. ఏడుపు ఆపుకుంటే ఆమె ముక్కు కొస ఎర్రబడుతుంది.

"దరఖాస్తు కోపంల పెట్టిన. వానకాలం పోంగ కోపం గూడ పోయింది. మేడం మెసేజ్ చూసి ఏమనుకున్ననో ఎరుకనా? ఆయన చెప్పనీ. చెప్తే ఇద్దరం కూసోని మాట్లాడుకుందం, పోను అని చెప్దం మేడంకు, అనుకున్న. చెప్తే పోవద్దనుకున్న. చెప్పకుంటె పోదామనుకున్న. మొన్న ఒప్పుకున్న."

"ఇయ్యాల చెప్పిన గదా" అన్నాను.

"ఇయ్యాల చెప్పినవ్" అంది.

కింద నుంచి అమ్మ గొంతు వినిపించింది. ఎవరినో అడుగుతోంది, ఎవలు గావాలె అని. ఎవరో సుకన్య టీచర్ అన్నారు. పిల్ల ఒకతి బ్యాగు ఊపుకుంటూ మెట్లెక్కి వచ్చింది. సుకన్య ముఖం తుడుచుకుని, "రా బిడ్డా, కూసో" అంది. నేను కిందికి దిగాను.

నవంబర్ 29

ఏమీ లేదు.

నవంబర్ 30, ఆదివారం

బట్టలు సర్దుకుంటోంది. అమ్మ మా ఇద్దరి మీదా అరిచింది.

"నాకెవ్వలు చెప్పకపోతిరి! గేటు కాడ నేనేమన్న బొమ్మనా? ఎవలొస్తాండ్రో ఎవలు పోతాండ్రో నాకు తెల్వకుంట ఇంట్ల ఏదన్న అయితదా?"

అన్నం తినలేదు. సుకన్య కిందికి దిగొచ్చి, పక్కన కూర్చుని, ముద్దలు కలిపి తినిపించింది. వానాకాలం తర్వాత ఆమె కింద వంటింట్లోకి రావడం ఇదే మొదలు. ఇలా రావడానికి కారణం ఇదా.

డిసెంబర్ 1, సోమవారం

హనుమకొండ బస్టాండుకు తీసుకెళ్లాను. సర్వర్ పైనే వదిలేసింది.

"పిల్లలు వస్తరు. బంద్ చెయ్యకు" అంది. "పేపర్లు నేను అక్కడికెల్లి దిద్దుత."

"చెయ్య."

బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. బ్యాగు సర్దుకుంటోంది. ఊపుదామనుకునేలోపు బస్సు మలుపు తిరిగిందని అనుకుంటున్నాను.

డిసెంబర్ 3

ఆమె బ్యాంకు ఓటీపీ నాకే వచ్చింది. మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను, అరవబోయి గుర్తొచ్చింది. ఫోన్ చేసి చెప్పాను. "ఆఁ" అంది, పెట్టేసింది.

డిసెంబర్ 5

కింద కూర్చుని డబ్బా రాసుకున్నది చదువుతున్నాను. పిల్లలు ఎప్పటిలాగే వస్తున్నారు, ఆమె పేరు అడుగుతున్నారు, డబ్బా వాళ్లను పైకి పంపుతోంది. సాయంత్రాలు ములుగు వైపు నుంచి ఆమె కూడా వస్తోంది. ఇన్నాళ్లూ ఇంటి లోపలి మనిషి కనుక ఈ గుమ్మంలోంచి రావలసిన పని లేదు. ఇప్పుడు బయటి మనిషిలా గుమ్మంలోకి వచ్చి, పేరు చెప్పి, నేరుగా పైకి పోతోంది. పేపర్లు దిద్ది వెళ్లిపోతోంది. నా వైపు రాదు. ఆమె ఎందుకు వస్తుంది, నా పేరు అడిగితే కదా.

అయినా రోజూ సాయంత్రం ఆ వరుస కోసం ఎదురుచూస్తున్నాను. అది కనబడ్డాకే అన్నం తింటున్నాను.

డిసెంబర్ 8

ఆమె బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. మీ ఖాతాకు మొబైల్ నంబర్ మార్చబడినది, మార్చింది మీరు కాకపోతే వెంటనే సంప్రదించండి అని.

నేను కాదు. ఎవరిని సంప్రదించాలి?

డిసెంబర్ 11, గురువారం

నిన్న సాయంత్రం ఒక వింత జరిగింది.

ములుగు బడి అడ్రస్ నుంచి ఎప్పటిలాగే ఆమె వచ్చి, పైకి పోయి, పేపర్లు దిద్ది వెళ్లింది. కాసేపటికి అదే అడ్రస్ నుంచి ఇంకొకరు వచ్చారు. ఏ పేరూ చెప్పలేదు. ఉత్త అడ్రస్ కొట్టి వచ్చారు. పేరు చెప్పనివాళ్లు నా దగ్గరికే కదా వచ్చేది. నా సర్వర్ మొదటి పేజీ తెరుచుకుంది. అందులో ఏముంటుంది, నా కంపెనీ పేరు, పాస్‌వర్డ్ అడిగే రెండు గళ్లు. ఏమీ కొట్టకుండా వెళ్లిపోయారు.

ఆమేనా?

ఆ బడికీ అడ్రస్ ఒక్కటే. పిల్లలు, టీచర్లు, ఆఫీసు, అందరూ దాంట్లోంచే బయటికి వస్తారు. లోపల ఉన్నది ఎవరో నాకు ఇక్కడి నుంచి కనబడదు. నేను ఎన్నేళ్లుగానో జనానికి చెప్పే పాఠం ఇదే. ఏ పిల్లో తప్పు కొట్టి ఉంటుంది. దొంగ ప్రోగ్రాములు రోజంతా తలుపులు తడుతూనే ఉంటాయి, వాటిలో ఒకటై ఉంటుంది.

గౌస్‌కి ఫోన్ చేసి చెప్పాను. "అన్నా, నువ్వు గా డబ్బా ముందర కూసోని ఎన్ని దినాలు సదువుతవ్? బస్సెక్కరాదే!" అన్నాడు.

డిసెంబర్ 13, శనివారం

ఇది ములుగు అవతల, ఆ బడి గేటు దగ్గర సిమెంటు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. బస్సులో కూర్చోవడానికి చోటు దొరికింది. రోడ్డు నేను చెప్పినంత అధ్వాన్నంగా లేదు.

వచ్చేటప్పుడు అమ్మ పల్లీల ముద్దలు కట్టిచ్చింది. గేటు దాటుతుంటే, "ఎవల కోసం పోతానవ్?" అని అడిగింది. తెలిసే అడిగింది. "సుకన్య కోసం" అన్నాను. "ఆ, పో మరి" అంది.

ఇక్కడి గేటు పెద్దది, ఆకుపచ్చ రంగు వేశారు. లోపల ఎన్ని గదులున్నాయో బయటికి కనబడవు. పిల్లలు ఎక్కాలు చెప్తున్న చప్పుడు మాత్రం వస్తోంది. గేటు దగ్గర ఒకావిడ శాలువా కప్పుకుని కూర్చుంది. లోపలి నుంచి ఎవరో "మొగిలమ్మా" అని పిలిస్తే పలికింది.

"ఎవలు గావాలె?" అంది నన్ను చూసి.

నా వయసులో, ఇంతవరకు, ఒక గుమ్మం ముందు నిలబడి ఆమె పేరు అడిగిన జ్ఞాపకం లేదు. ఎప్పుడూ గుమ్మం లోపలి మనిషినే.

"సుకన్య మేడం" అన్నాను.

"ఎవలొచ్చిండ్రని చెప్పాలె?"

ఆమె భర్తనని చెప్పొచ్చు. అలా చెప్తే ప్రిన్సిపాల్ దాకా పోతుంది, కుర్చీ వేస్తారు, ఛాయ్ తెప్పిస్తారు. "మల్లికార్జున్ అని చెప్పమ్మా" అన్నాను.

ఆమె చెప్పులీడ్చుకుంటూ లోపలికి పోయింది. నేను గేటు చువ్వలు పట్టుకుని నిలబడ్డాను. లేదన్నదని చెప్తుందేమో, పొమ్మన్నదని చెప్తుందేమో అనుకున్నాను. ఈవిడే సొంతంగా ఏదో ఒకటి అనుకుని సగం మాట చెప్తే? సగం మింగేస్తే? అప్పుడు నాకెలా తెలుస్తుంది? ఆ నెలంతా సుకన్య మెట్ల పైన ఎలా ఎదురుచూసిందో అప్పుడు తెలిసింది.

మొగిలమ్మ తిరిగొచ్చింది.

"క్లాసుల ఉన్నది. కూసోమన్నది."

"ఇంకేమన్న అన్నదా?"

"అన్నది." శాలువా సర్దుకుని, గుర్తుపెట్టుకుని వచ్చిన మాటను జాగ్రత్తగా అప్పజెప్పింది. "ఇంకేమన్న ఉన్నదా చెప్పేది, అని అడగమన్నది."

గేటు చువ్వలు వదిలిపెట్టాను.

"ఉన్నదని చెప్పమ్మా" అన్నాను.

ఆమె మళ్లీ లోపలికి పోయింది.